ఇంట్లో ఫుల్‌సైజు స్నూకర్ టేబుల్: గది కొలత నుంచి క్లాత్ ఇస్త్రీ దాకా

ముందు టేపు తీసుకుని గది కొలవండి. టేబుల్ వెతకడం ఆ తర్వాతి పని. ఇంటికి తెచ్చాక మూల పడిపోయే టేబుళ్లలో ఎక్కువ భాగం గది చాలక పడిపోయినవే. క్యూ (బంతిని కొట్టే కర్ర) గోడకు తగులుతూ ఉంటే పిల్లలు కూడా నాలుగు రోజుల్లో ఆట మానేస్తారు.

గది ఎంత ఉండాలి

ఫుల్‌సైజు టేబుల్‌లో ఆడే భాగం, అంటే ఒక కుషన్ (చుట్టూ ఉండే రబ్బరు గట్టు) అంచు నుంచి ఎదుటి కుషన్ అంచు దాకా, 11 అడుగుల 8½ అంగుళాల పొడవు, 5 అడుగుల 10 అంగుళాల వెడల్పు ఉంటుంది. మిల్లీమీటర్లలో 3569, 1778. చుట్టూ ఉండే కుషన్ చెక్కతో కలిపితే బయటి కొలత దాదాపు 12½ అడుగులు, 6½ అడుగులు. అందరూ పన్నెండడుగుల టేబుల్ అనేది దీన్నే.

గది లెక్క కట్టాల్సింది మాత్రం క్యూతో. మామూలు క్యూ 57, 58 అంగుళాలుంటుంది. బంతి కుషన్‌కి అతుక్కుని ఉన్నప్పుడు క్యూ దాదాపు మొత్తం గోడవైపే ఉంటుంది. పొడవు 140½ అంగుళాలకు రెండువైపులా 58 చొప్పున కలిపితే 256½ అంగుళాలు, అంటే 21 అడుగుల 4½ అంగుళాలు. వెడల్పు 70కి 116 కలిపితే 186 అంగుళాలు, అంటే 15½ అడుగులు. క్యూ వెనక్కి లాగడానికి ఇంకో మూడు నాలుగు అంగుళాలు కావాలి కాబట్టి 22 అడుగులు, 16 అడుగులు అనే కొలత వచ్చింది. ఇది విలాసం కోసం చెప్పే కొలత కాదు, ఉండాల్సిన కనీసం.

కొలిచేటప్పుడు గోడ నుంచి గోడకు కొలిచి ఊరుకోవద్దు. మన ఇళ్లలో పిల్లర్లు గోడలోంచి మూడు నాలుగు అంగుళాలు బయటికి పొడుచుకొస్తాయి. ఆ పిల్లర్ సరిగ్గా మధ్య పాకెట్ ఎదురుగా వస్తే ఆ వైపు షాట్లన్నీ పోయినట్టే. నేల నుంచి మూడు నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో, అంటే క్యూ వెనక భాగం కదిలే ఎత్తులో, పిల్లర్ ముఖం నుంచి పిల్లర్ ముఖానికి కొలవండి. కిటికీ గట్టు, గ్రిల్లు, స్విచ్ బోర్డు, లోపలికి తెరుచుకునే తలుపు కూడా లెక్కలోకి వస్తాయి. తలుపును బయటికి తెరుచుకునేలా మార్చడం చిన్న పనే.

21 అడుగులు, 15 అడుగుల గదిలో ఫుల్‌సైజు పెట్టొచ్చు గానీ కొన్ని చోట్ల 48 అంగుళాల పొట్టి క్యూ వాడక తప్పదు. 20 అడుగులు, 15 అడుగులకు దిగితే పది అడుగుల టేబుల్ కొనండి. ఇరుకు గదిలో పెద్ద టేబుల్ కన్నా సరైన గదిలో చిన్న టేబులే మంచి ఆట నేర్పుతుంది.

నేల మోయగలదా

క్లాత్ కింద ఉండే రాతి పలకలే స్లేటు. దాని మందం 45 మిల్లీమీటర్లుంటే ఐదు పలకలూ కలిపి 850 కిలోల దాకా తూగుతాయి. పాత టేబుళ్లలో రెండు అంగుళాల స్లేటు కూడా ఉంటుంది, అది ఇంకా బరువు. కాళ్లు, చట్రం, కుషన్లు కలిపితే మొత్తం 1200 నుంచి 1400 కిలోలు. ఇంత బరువూ ఎనిమిది కాళ్ల మీద పడుతుంది. ఒక్కో కాలికి 150 నుంచి 175 కిలోలు.

గ్రౌండ్ ఫ్లోర్‌లో నేల మీదే ఫ్లోరింగ్ వేసి ఉంటే బరువుతో బాధ లేదు, టైల్స్‌తోనే బాధ. టైల్ కింద సిమెంటు సరిగ్గా పట్టకుండా డొల్లగా ఉన్నచోట కాలు పడితే టైల్ పగులుతుంది, కాలు కుంగుతుంది, మట్టం పోతుంది. ఎనిమిది కాళ్లు పడే చోట్ల టైల్‌ని వేలి కణుపుతో కొట్టి చూడండి. బోలు చప్పుడు వస్తే ఆ టైల్ తీయించి కింద గట్టిగా నింపించి మళ్లీ వేయించండి. ఆపైన ఒక్కో కాలి కింద ఆరు అంగుళాల చదరం, ఆరు మిల్లీమీటర్ల మందం ఇనుప ప్లేటు వేస్తే బరువు పరుచుకుంటుంది.

పై అంతస్తు అయితే స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని అడగకుండా ముందుకెళ్లొద్దు. నివాస గదుల స్లాబును చదరపు మీటరుకు 200 కిలోల లైవ్ లోడ్ (మనుషులు, సామాను బరువు) లెక్కతో డిజైన్ చేస్తారు. టేబుల్ బరువును అది ఆక్రమించే ఏడున్నర చదరపు మీటర్లకు పంచితే దాదాపు 170 కిలోలు వస్తుంది. సరిపోయినట్టే కనిపిస్తుంది గానీ ఆ బరువు పరుచుకుని ఉండదు, ఎనిమిది చోట్ల గుచ్చుకుని ఉంటుంది. చుట్టూ మనుషులు కూడా ఉంటారు. కింద బీములు ఎక్కడున్నాయో చూసి, కాళ్ల వరుస బీముకు దగ్గరగా వచ్చేలా ఇంజనీర్ చెప్పగలడు. మేస్త్రీ 'ఏం కాదండీ' అన్నాడని ధైర్యం చేసే విషయం కాదిది.

సెల్లార్ అనగానే చాలామందికి ఆశ పుడుతుంది. చల్లగా ఉంటుంది, జాగా ఉంటుంది. కానీ హైదరాబాద్‌లో ఒక్క గట్టి వాన పడితే సెల్లార్లలోకి నీళ్లు వచ్చే వీధులు ఎన్నో. నీళ్లు రాకపోయినా గోడల చెమ్మ క్లాత్‌ని, చట్రంలోని చెక్కని తినేస్తుంది. నెలకోసారి తలుపు తీసే ఫాంహౌస్‌ కూడా ఇదే కారణంతో మంచి చోటు కాదు. విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి తీరప్రాంతాల్లో ఏ అంతస్తులో పెట్టినా డీహ్యూమిడిఫయర్ ఖర్చు కూడా కలుపుకోండి.

లైటు టేబుల్ కన్నా ముందు

టేబుల్ బిగించాక దాని మీద నిచ్చెన వేయలేరు. అందుకని లైటు పని ముందే ముగించండి. టేబుల్ మధ్య గీత గదిలో ఎక్కడ వస్తుందో నేల మీద సుద్ద దారం కొట్టి, తూకం గుండుతో ఆ గీతను సీలింగ్‌కి ఎక్కించి హుక్కులు వేయించాలి. హుక్కులు ఫాల్స్ సీలింగ్‌కి కాదు, స్లాబులోకి యాంకర్ బోల్టులతో దిగాలి. లైటు అడుగు భాగం ఆడే తలం నుంచి దాదాపు మూడు అడుగుల ఎత్తులో ఉండాలి. మరీ కిందికి వస్తే నిలబడి చూసే మనిషి కంటికి అడ్డం, మరీ పైకి పోతే వెలుగు కళ్లలో కొట్టి బంతి పక్కన నీడ పడుతుంది. టేబుల్ నాలుగు మూలలా ఒకే వెలుగు పడాలి కాబట్టి మధ్యలో ఒక ట్యూబులైటుతో సరిపెట్టొద్దు. పన్నెండడుగుల టేబుల్ కోసం చేసిన ఎల్‌ఈడీ క్యానపీ (టేబుల్ మీద వేలాడే పెద్ద లైటు చట్రం) గానీ, పాత పద్ధతిలో ఆరు షేడ్ల వరుస గానీ వాడండి.

టేబుల్ పైన సీలింగ్ ఫ్యాను ఉంటే తీయించేయాలి. ఏసీ గాలి నేరుగా క్లాత్ మీద పడకుండా పొడవు గోడ చివరన బిగించండి.

టేబుల్ వెతకడం

కొత్తది కావాలంటే తయారీదారుతో మాట్లాడేటప్పుడు నాలుగు విషయాలు రాతపూర్వకంగా తీసుకోండి: స్లేటు మందం, స్లేటు ఎన్ని పలకలు, కుషన్లు స్టీల్ బ్లాకా చెక్కవేనా, బిగింపు ధరలో కలిసిందా లేదా. స్టీల్ బ్లాక్ అంటే రబ్బరు వెనక ఉండే చెక్కకు ఇనుప దిమ్మె జోడించి ఉంటుంది. ఆ బరువు వల్ల బంతి తగిలినప్పుడు కుషన్ కదలదు, బంతి ఎక్కడ తగిలినా ఒకే వేగంతో తిరిగొస్తుంది.

సెకండ్ హ్యాండ్ దారి పొదుపు, పైగా చాలాసార్లు టేబుల్ కూడా మెరుగైనదే దొరుకుతుంది. ఈ ఆట పుట్టిందే 1875లో జబల్‌పూర్‌లోని బ్రిటిష్ సైనికాధికారుల మెస్సులో. అందుకే మన దేశంలో పాత క్లబ్బులు, ప్యాలెస్‌లు, కంపెనీ గెస్ట్ హౌస్‌లలో బరోస్ అండ్ వాట్స్, థర్స్టన్, రైలీ లాంటి ఇంగ్లాండు టేబుళ్లు ఇప్పటికీ ఉన్నాయి. హైదరాబాద్ ఫలక్‌నుమా ప్యాలెస్ బిలియర్డ్స్ గదిలో ఉన్నది బరోస్ అండ్ వాట్స్ టేబులే. క్లబ్బు కొత్తవి కొన్నప్పుడు, పార్లర్ మూసేసినప్పుడు, పాత బంగళా పడగొట్టినప్పుడు టేబుళ్లు అమ్మకానికొస్తాయి. ఈ కబురు అందరికన్నా ముందు తెలిసేది క్లబ్బులో స్కోరు, టేబుళ్లు చూసుకునే మార్కర్‌కి. మీ ఊళ్లో ఆడే చోటికి వెళ్లి మార్కర్‌తో మాట్లాడండి. టేబుల్ బిగించే మంచి ఫిట్టర్ ఎవరో చెప్పగలిగేది కూడా ఆయనే.

ఫిట్టర్ దొరికాకే టేబుల్‌కి అడ్వాన్సు ఇవ్వండి. పేరున్న టేబుల్‌ని చేతకాని మనిషి బిగిస్తే బంతి వంకర పోతుంది, మామూలు టేబుల్‌ని తెలిసిన మనిషి బిగిస్తే ఏళ్ల తరబడి నిలుస్తుంది. వీలైతే టేబుల్ చూడటానికి వెళ్లేటప్పుడే ఆయన్ని వెంట తీసుకెళ్లండి.

సెకండ్ హ్యాండ్ టేబుల్‌లో ఏం చూడాలి

టేబుల్ విప్పకముందు, బిగించి ఉన్న స్థితిలోనే చూడాలి. విప్పేసి గోడకు ఆనించిన స్లేట్లను చూసి బేరం ఆడితే ఏం కొంటున్నారో మీకే తెలియదు.

మొదట కుషన్లు. బంతిని బాల్క్ వైపు (ఆట మొదలుపెట్టే కొస, దాని ఎదుటిది నల్లబంతి కొస) నుంచి తిన్నగా, గట్టిగా కొట్టండి. రబ్బరు బాగుంటే అది టేబుల్ పొడవును నాలుగున్నర, ఐదు సార్లు తిరుగుతుంది. మూడు దాటి ఆగిపోతే రబ్బరు చచ్చిపోయింది. అయితే పాత క్లాత్, చెమ్మ కూడా వేగాన్ని తగ్గిస్తాయి కాబట్టి ఇంకో పరీక్ష చేయండి: బొటనవేలి గోరుతో రబ్బరు అంచును నొక్కండి. మెత్తగా దిగి వెంటనే పైకి రావాలి. రాయిలా ఉన్నా, గోరు గుర్తు నిలిచిపోయినా మార్చాల్సిందే. కుషన్ పొడవునా చేత్తో తట్టుకుంటూ పొండి. ఒకచోట గలగలమని శబ్దం వస్తే బోల్టు వదులైంది, అది సులువు. డబ్ మని మొద్దుగా మోగితే రబ్బరు చెక్క నుంచి ఊడింది, దానికి వర్క్‌షాపు పని పడుతుంది.

తర్వాత స్లేటు. టేబుల్ కిందికి దూరి టార్చిలైటుతో చూడండి. ఐదు పలకలుండాలి, నాలుగు అతుకులు కనిపించాలి. పగుళ్లు ఎక్కువగా పాకెట్ల చుట్టూ, కుషన్ బోల్టులు దిగే చోట్ల వస్తాయి. కుషన్ బోల్టులు స్లేటు అంచులోని మర రంధ్రాల్లోకే దిగుతాయి. అక్కడ మర అరిగిపోతే బోల్టు ఎంత తిప్పినా పట్టదు. అతుకుల దగ్గర చిన్న పెచ్చులు లేచి ఉంటే భయం లేదు, నింపొచ్చు. పలకకు అడ్డంగా పగులు ఉంటే మాత్రం ఎంత చౌకగా ఇచ్చినా వదిలేయండి. ఒక్క పలక మార్చాలంటే అదే మందం, అవే రంధ్రాలు, పలకలను జతచేసే డోవెల్ పిన్నులకు అవే చోట్లు కలిసిన పలక దొరకడం దాదాపు అసాధ్యం.

చట్రాన్ని, కాళ్లను స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చి చూడండి. మొన సులువుగా దిగితే చెదలు పట్టింది. మన వాతావరణంలో పాత టేబుళ్లకు వచ్చే పెద్ద జబ్బు ఇదే. పైకి పాలిష్ మెరుస్తున్నా లోపల చట్రం గుల్లయి ఉండొచ్చు. కాళ్లు నేలను తాకే చోటు, చట్రం మూలలు ముఖ్యంగా చూడాలి.

పాకెట్ల తోలు, వల, ఇత్తడి పట్టీలు, క్లాత్ సంగతి పట్టించుకోవద్దు. అవన్నీ మార్చుకునేవే. పాత బిలియర్డ్స్ టేబుళ్లలో పాకెట్ నోళ్లు ఈనాటి స్నూకర్ కొలతకు కలవకపోవచ్చు. ఇప్పుడు మూల పాకెట్ సుమారు మూడున్నర అంగుళాలు. తేడా ఎక్కువగా ఉంటే కుషన్ చివర్లు కొత్తగా కోయించాలి, ఆ ఖర్చు బేరంలో చెప్పండి.

విప్పడం, మోయడం

విప్పే ముందు ప్రతి భాగానికి గుర్తు పెట్టండి. స్లేట్లకు బాల్క్ వైపు నుంచి 1 నుంచి 5, ఏ వైపు ఎడమో బాణం గుర్తు. ఆరు కుషన్లకు, ఎనిమిది కాళ్లకు, అడ్డ దూలాలకు ఫొటోలు తీసుకోండి. ఏ కుషన్ బోల్టులు ఆ కుషన్ సంచిలోనే వేయండి. ఒక టేబుల్‌లోని బోల్టులన్నీ ఒకే పొడవు ఉంటాయనుకోవద్దు.

ఒక్కో స్లేటు 170 కిలోలు. నలుగురు హమాలీలు, బెల్టులు కావాలి. స్లేటును ఎప్పుడూ అంచు మీద నిలబెట్టే మోయాలి. పడుకోబెట్టి ఎత్తితే తన బరువుకే మధ్యలో విరుగుతుంది, పాకెట్ కోత ఉన్న చోట ఇంకా త్వరగా విరుగుతుంది. వ్యానులో కూడా నిలువుగానే, కింద చెక్కలు పరిచి, మధ్యలో పాత దుప్పట్లు పెట్టి, తాళ్లతో కట్టాలి. పలక పొడవు ఆరు అడుగుల పైచిలుకు, వెడల్పు దాదాపు రెండున్నర అడుగులు. మూడడుగుల తలుపులో పడుతుంది, మెట్ల మలుపులోనే ఇబ్బంది. కుషన్లు ఆరూ దాదాపు ఐదున్నర అడుగుల చొప్పునే ఉంటాయి కాబట్టి వాటితో సమస్య లేదు. చట్రం పక్క దూలాలు కొన్ని టేబుళ్లలో ఒకే ముక్కగా పన్నెండడుగుల దాకా ఉంటాయి. అవి మెట్ల మీదుగా తిరుగుతాయో లేదో ముందే అట్టముక్కతోనో వెదురు బద్దతోనో చూసుకోండి.

చట్రం, స్లేటు, మట్టం

గది మధ్యన సుద్దతో టేబుల్ బయటి దీర్ఘచతురస్రం గీసి మూలమట్టంతో సరిచూడండి. తలుపు వైపు బాల్క్ చివర ఉండేలా పెట్టుకుంటే వచ్చేపోయేవాళ్లు నల్లబంతి వైపు ఆడేవారి కళ్లలో పడరు. కాళ్లు, పక్క దూలాలు, అడ్డ దూలాలు బోల్టులతో బిగించాక రెండు కర్ణాలూ కొలవండి. అవి సమానంగా లేకపోతే చట్రం వంకరగా ఉంది, అన్నీ వదులు చేసి మళ్లీ బిగించాలి. స్లేట్లు ఎక్కాక ఆ వంకర తీయలేరు.

చట్రాన్ని మామూలు రసమట్టంతో సుమారుగా మట్టం చేస్తే చాలు. స్లేట్లకు మాత్రం మేస్త్రీ రసమట్టం పనికిరాదు. దానిలో మీటరుకు అర మిల్లీమీటరు తేడా ఉన్నా బుడగ మధ్యలోనే కనిపిస్తుంది. మూడున్నర మీటర్ల టేబుల్‌కి అది దాదాపు రెండు మిల్లీమీటర్ల వాలు. నెమ్మదిగా పోయే బంతి అంత వాలుకు కచ్చితంగా పక్కకు తప్పుకుంటుంది. లేత్ మెషిన్లు బిగించేవారు వాడే ఇంజనీరింగ్ లెవెల్, మీటరుకు 0.02 నుంచి 0.05 మిల్లీమీటర్ల తేడా చూపేది, ఫిట్టర్ దగ్గర ఉందో లేదో అడగండి. అది లేకుండా వచ్చిన మనిషికి ఈ పని అప్పగించొద్దు.

స్లేట్లు వేసే వరుస మధ్యది మొదట. దాని మట్టమే మిగతా నాలుగింటికీ ఆధారం. తర్వాత అటూ ఇటూ, చివరికి రెండు కొసలవి. పలకకూ పలకకూ మధ్య డోవెల్ పిన్నులు రంధ్రాల్లో సరిగ్గా కూర్చోవాలి. బలవంతంగా కొడితే అంచు పెచ్చులు లేస్తుంది. చాలా ఇంగ్లాండు తరహా టేబుళ్లలో స్లేట్లను చట్రానికి స్క్రూలతో బిగించరు, బరువుకే అవి నిలుస్తాయి.

మధ్య పలకను పొడవునా, వెడల్పునా మట్టం చేయండి. కాళ్ల దగ్గర పెద్ద తేడాలు, చట్రానికి స్లేటుకు మధ్య చిన్న తేడాలు సరిదిద్దాలి. కాళ్ల కింద అట్టముక్కలు పెట్టే అలవాటు చాలాచోట్ల ఉంది. 160 కిలోల కింద అట్ట నలిగి పల్చనవుతుంది, వానాకాలంలో ఉబ్బుతుంది. సన్‌మైకా ముక్కలు, రేకు ముక్కలు వాడించండి. పలకల అతుకు మీద ఇనుప స్ట్రెయిట్ ఎడ్జ్ (వంకర లేని పట్టీ) పెట్టి వెనక టార్చి వేస్తే వెలుగు గీత కనిపించకూడదు. వేలితో నిమిరినా అతుకు తెలియకూడదు.

మట్టం కుదిరాక అతుకులు, పాత రంధ్రాలు నింపాలి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ త్వరగా ఆరుతుంది, మళ్లీ విప్పాల్సి వస్తే సులువుగా వదులుతుంది. కార్ల డెంటింగ్‌కి వాడే ఫిల్లర్ గట్టిది, కానీ విప్పేటప్పుడు స్లేటు అంచును కూడా లాక్కుపోతుంది. ఇల్లు మారే అవకాశం ఉన్నవారు ప్లాస్టరే వాడించుకోవాలి. ఆరాక వెడల్పు బ్లేడుతో చెక్కి, చెక్క దిమ్మెకు చుట్టిన సన్న ఎమెరీ కాగితంతో సాపు చేయాలి.

క్లాత్ వేయకముందే బంతి పరీక్ష చేయండి. చిన్న రేకు వాలు మీంచి బంతిని వదిలి నెమ్మదిగా పొడవునా, అడ్డంగా, మూల నుంచి మూలకు దొర్లించండి. రెండు దిక్కులా తిన్నగా పోవాలి. క్లాత్ వేశాక ఈ పరీక్షను నమ్మలేం. స్నూకర్ క్లాత్‌కి బాల్క్ నుంచి నల్లబంతి వైపు వాలిన నూగు ఉంటుంది, అడ్డంగా నెమ్మదిగా పోయే బంతిని అది నల్లబంతి వైపు కొంచెం లాగుతుంది. టేబుల్ మట్టంగా ఉన్నా వంకర ఉన్నట్టే కనిపిస్తుంది.

క్లాత్

స్నూకర్‌కి ఉన్ని శాతం ఎక్కువగా ఉన్న నూగు క్లాత్ కావాలి. ఇంగ్లాండు నుంచి వచ్చే స్ట్రాచన్, హేన్స్‌వర్త్ మన దగ్గర కూడా దొరుకుతాయి. పూల్ టేబుళ్లకు వేసే నూగు లేని సాపు క్లాత్ అమ్మజూపితే తీసుకోవద్దు. బెడ్ ముక్క (స్లేటు మీద పరిచేది), కుషన్ ముక్కలు ఒకే సెట్టు నుంచి రావాలి. క్లాత్‌ని రెండు రోజుల ముందే విప్పి ఆ గదిలో పరిచి ఉంచండి. ఉన్ని గాలిలోని చెమ్మను పీల్చి సాగుతుంది, ఆరితే బిగుస్తుంది. ముసురు పట్టిన రోజున క్లాత్ వేయించొద్దు. ఎండాకాలంలో వేసినా వానల్లో కొంత వదులవుతుంది, అప్పుడు ఒకసారి లాగించాల్సి రావచ్చు.

స్లేటు మీద దుమ్ము, ప్లాస్టర్ పొడి వాక్యూమ్‌తో తీసేయాలి. ఇసుక రేణువు ఒక్కటి కింద ఉండిపోయినా బంతి అక్కడ ఎగురుతుంది, కొన్నాళ్లకు క్లాత్ అక్కడే చిరుగుతుంది. నూగు దిశ చేత్తో నిమిరితే తెలుస్తుంది: బాల్క్ నుంచి నల్లబంతి వైపు నిమిరితే నున్నగా, తిరిగి నిమిరితే గరుకుగా ఉండాలి. తిరగేసి వేసి, పాకెట్లు కోసేశాక గమనిస్తే క్లాత్ డబ్బులు పోయినట్టే. కోయకముందు మీరూ ఒకసారి నిమిరి చూడండి.

మొదట బాల్క్ కొస మధ్యలో పట్టించి, ఎదుటి కొసకు బలంగా లాగి, తర్వాత పక్కలు మధ్య నుంచి మూలలకు లాగుతారు. స్లేటు అంచు కింద చెక్క పట్టీ ఉంటే స్టేపిల్స్ లేదా చిన్న మేకులు, లేకపోతే అంచుకు గమ్ము. అన్నివైపులా లాగుడు ఒకేలా ఉండాలి. ఒకవైపు వదులైతే గట్టి షాట్ల తర్వాత అలలు లేస్తాయి. పాకెట్ల దగ్గర క్లాత్ మడత పడకుండా చిన్న చిన్న గాట్లు పెట్టి లోపలికి తిప్పాలి. పని ఎంత బాగా వచ్చో ఇక్కడే తెలుస్తుంది. పాకెట్ అంచున ఒక్క మడత కూడా కనిపించకూడదు.

కుషన్లకు క్లాత్ మార్చాక వాటిని మధ్య బోల్టు నుంచి చివర్లకు బిగించాలి. అన్ని బోల్టులకూ ఒకే బిగువు. కుషన్ అంచు ఎత్తు చుట్టూ ఒకేలా ఉందో లేదో చూడండి. అంచు బంతి మధ్య ఎత్తుకన్నా కొంచెం పైన తాకాలి. కిందికి దిగితే గట్టి షాట్‌కి బంతి ఎగిరిపోతుంది. నేల నుంచి కుషన్ చెక్క పై భాగానికి ఎత్తు 2 అడుగుల 9½ నుంచి 10½ అంగుళాల మధ్య ఉండాలి. కాళ్ల కింద ప్లేట్లు వేశారు కాబట్టి మళ్లీ కొలవండి. ఆడే భాగం కర్ణాలు కుషన్ అంచుల నుంచి ఊహించి కొలిస్తే దాదాపు 13 అడుగుల 1 అంగుళం రావాలి, రెండూ సమానంగా.

గీతలు, చుక్కలు

కొలతలన్నీ కుషన్ అంచు నుంచే, చెక్క నుంచి కాదు. బాల్క్ గీత ఆ కొస కుషన్ నుంచి 29 అంగుళాలు. దాని మధ్య బిందువు నుంచి 11½ అంగుళాల వ్యాసార్థంతో డి అనే అర్ధవృత్తం. బాల్క్ వైపు నిలబడి చూస్తే డి ఎడమ మూల ఆకుపచ్చ బంతి, కుడి మూల పసుపు, మధ్యలో గోధుమ. నీలం సరిగ్గా టేబుల్ మధ్యన. నల్లబంతి చుక్క పై కొస (బాల్క్‌కి ఎదుటి) కుషన్ నుంచి 12¾ అంగుళాలు. గులాబీ బంతి చుక్క నీలం చుక్కకూ ఆ పై కుషన్‌కీ సరిగ్గా సగంలో, అంటే 35⅛ అంగుళాలు. ముందు దర్జీ సుద్దతో గీసి, రెండుసార్లు కొలిచి, ఆ తర్వాతే సన్నని ఫైబర్ పెన్ను వాడండి. బాల్‌పెన్ను మొన క్లాత్‌ని గీరుతుంది.

బ్రష్, ఇస్త్రీ

ఎప్పుడైనా ముందు బ్రష్, తర్వాత ఇస్త్రీ. దుమ్ము ఉండగా ఇస్త్రీ చేస్తే అది క్లాత్‌లోకి దిగిపోతుంది. రెండూ బాల్క్ నుంచి నల్లబంతి వైపే, తిన్నగా, ఒక పట్టీ తర్వాత ఒక పట్టీ. వెనక్కి రుద్దొద్దు. స్నూకర్ కోసం చేసిన బరువైన పెట్టె వాడండి. ఆవిరి పెట్టె అస్సలు వద్దు, క్లాత్ ముడుచుకుంటుంది. వేడి చూడటానికి తెల్ల కాగితం మీద పెట్టి పది సెకన్లు ఉంచండి, కాగితం పసుపు తిరిగితే వేడి ఎక్కువ. పెట్టెను టేబుల్ మీద ఎక్కడా ఆపొద్దు. రోజూ ఆడే ఇంట్లో రోజూ బ్రష్, వారానికి ఒకసారి ఇస్త్రీ సరిపోతుంది. వానాకాలంలో ఆడే ముందు ఇస్త్రీ చేస్తే చెమ్మ పోయి బంతి వేగం తిరిగొస్తుంది.

బంతులు 52.5 మిల్లీమీటర్లవి, సెట్టు మొత్తం ఒకేసారి కొన్నవి కావాలి. బెల్జియం అరామిత్ సెట్టు ఒకటి కొంటే ఇంట్లో చాలా ఏళ్లు నడుస్తుంది. తెల్లబంతి ఒక్కటే వేరే సెట్టుది తెచ్చి కలపొద్దు. సెట్టులోని బంతుల మధ్య బరువు తేడా మూడు గ్రాములు మించకూడదు, మించితే తెల్లబంతి తాకాక ఎటు పోతుందో ఊహకు అందదు. వారానికోసారి మెత్తని గుడ్డతో తుడవండి. సుద్ద అంటిన బంతి కుషన్లను, క్లాత్‌ని రెండింటినీ పాడు చేస్తుంది.

కొత్తగా బిగించిన టేబుల్ కొద్ది వారాల్లో కొంత కుదురుకుంటుంది. ఫిట్టర్‌తో ధర మాట్లాడేటప్పుడే నెల తర్వాత ఒకసారి వచ్చి మట్టం చూసి, కుషన్ బోల్టులు బిగించే పనిని ఒప్పందంలో చేర్చండి, కొంత డబ్బు అప్పటిదాకా ఆపండి. టేబుల్‌ని జరపాల్సి వస్తే, అడుగు దూరమైనా సరే, తోయొద్దు. ఎనిమిది కాళ్ల మీద పదమూడు వందల కిలోలు ఉన్నాయి, ఒక్క తోపుకు అతుకులన్నీ విడిపోతాయి. ఫిట్టర్‌ని పిలిచి, విప్పించి, మళ్లీ మధ్య పలక నుంచి మొదలుపెట్టించండి.